రోగి హక్కు, లోకారోగ్యము

సత్తెనపల్లి నుండి పిడుగురాళ్లకు పోవు త్రోవలో, మిరప చేలకును సున్నపు బట్టీలకును నడుమ, రాజుపాలెము మండలము కలదు. గుంటూరు నుండి వచ్చు దారి అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిని కలిసికొను కొండమోడు కూడలి ఈ మండలములోనిదే. సున్నము, సిమెంటు, ప్రత్తి బేళ్లు, మిరప టిక్కీలు రేయింబవళ్లు ఈ మార్గముననే పోవుచుండును. కోతల కాలమున కర్నూలు సీమ నుండి కూలీలు పిల్లాపాపలతో వచ్చి చేలగట్లమీద గుడారములు వేసికొందురు. బ్రదుకుతెరువుకై మనుష్యులు ఇంతగా కదలు ప్రదేశమునకు హెచ్‌ఐవి చేరుట వింత కాదు. వ్యాధి వచ్చిన త్రోవను గూర్చి మనవారు చాల వ్రాసిరి. దాని వెంట వచ్చిన భయమును, ఆ భయము చేసిన చేటును, ఆ చేటునకు ఎదురు నిలిచి రోగులును వారి పక్షము వహించిన సంఘములును దేశదేశములందు నడిపిన వాదమును గూర్చి అంతగా వ్రాయలేదు. ఆ వాదము ఎట్లు పుట్టినదో, మన గుంటూరు–పల్నాటి సీమలో అది ఎంతవరకు నిజమైనదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. నా నిశ్చయమును ముందే చెప్పెదను: రోగిని నేరస్థునివలె చూచినచోట వైద్యము కూడ ఓడినది, అతని మాటకు విలువ ఇచ్చినచోటనే మందు ఇల్లు చేరినది.

1986లో మద్రాసునందు డాక్టరు సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల పడుపువృత్తిలోని స్త్రీల రక్తమును పరీక్షించి, ఈ వ్యాధి భారతదేశమున ప్రవేశించినదని మొదట నిరూపించిరి. మరుసటి యేడే గోవా ప్రభుత్వము తన ప్రజారోగ్య చట్టమును సవరించి, వ్యాధి సోకినవారిని బలవంతముగ వేరుపరచు అధికారమును తెచ్చుకొనెను. రక్తదానము చేసిన డొమినిక్ డిసౌజా అను యువకునికి హెచ్‌ఐవి కలదని తెలియగా, 1989లో పోలీసులు అతనిని పట్టుకొనిపోయి, పాత క్షయరోగశాలలో 64 దినములు కావలిలో ఉంచిరి. బొంబాయి హైకోర్టు సైతము ఆ చట్టము చెల్లుననియే తీర్పు చెప్పెను. ఆ యేడే కేంద్రప్రభుత్వము రాజ్యసభలో పెట్టిన ఎయిడ్స్ నివారణ బిల్లు కూడ ఈ ధోరణిలోనిదే. ఢిల్లీలో అప్పుడే వెలసిన ఎయిడ్స్ భేదభావ్ విరోధీ ఆందోళన్ మొదలైన సంఘములు దానిని తీవ్రముగ ప్రతిఘటించెను. తుదకు ఆ బిల్లు ఉపసంహరింపబడెను. వ్యాధిగ్రస్తుని కట్టడి చేసినచో వ్యాధి కట్టడియగునను తలంపునకు మన దేశమున తగిలిన మొదటి ఎదురుదెబ్బ అది.

ఈ ప్రతిఘటనము ఇచ్చటనే పుట్టినది కాదు. 1983లో అమెరికాలోని డెన్వరు నగరమున కొందరు రోగులు సమావేశమై, తమ్ము దీనులుగ చిత్రింపవద్దనియు, తమ్ము గూర్చిన నిర్ణయములలో తమకు స్థానము కావలెననియు ప్రకటించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థలో 1986 నుండి 1990 వరకు ఎయిడ్స్ కార్యక్రమమును నడిపిన జోనాథన్ మాన్ అను వైద్యుడు ఆ రోగుల మొరను ప్రజారోగ్య శాస్త్రముతో జోడించెను. సంఘమున ఎవరి హక్కులు ముందే హరింపబడినవో వారికే ఈ వ్యాధి ఎక్కువగ సోకుననియు, సోకిన పిదప ఉన్న హక్కులును పోవుననియు, కావున హక్కుల రక్షణము లేని నివారణము కుదరదనియు అతని సిద్ధాంతము. 1994 డిసెంబరు 1న పారిస్ సభలో, భారతదేశముతో సహా 42 దేశములు వ్యాధిగ్రస్తులకు విధాన నిర్ణయములలో భాగస్వామ్యము ఉండవలెనని అంగీకరించెను. 2001లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఈ ఒక్క వ్యాధికై ప్రత్యేకముగ సమావేశమాయెను. ఇట్టి ప్రకటనలు కాగితములపై ఉండిపోవు ప్రమాదము ఎల్లప్పుడు కలదు గనుక, వాటిని ఏకరువు పెట్టుటకంటె ఒక జిల్లాలో ఏమి జరిగినదో చూచుట మేలు.

ఆ జిల్లా గుంటూరే. పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 2022 ఏప్రిల్‌లో. అంతకుముందు నరసరావుపేట, గురజాల, మాచర్ల, రాజుపాలెము అన్నియు గుంటూరు జిల్లాలోనివే. దేశములో రోగులెందరో తేల్చుటకు ఆ కాలమున ప్రభుత్వము అనుసరించిన పద్ధతి ఇది: కొన్ని పెద్ద ప్రభుత్వాసుపత్రులను ఎంచుకొని, అచ్చటికి వచ్చు గర్భిణుల రక్తమును, సుఖవ్యాధుల చికిత్సకు వచ్చువారి రక్తమును పరీక్షించి, ఆ నిష్పత్తులనుబట్టి జనసంఖ్య అంతటికి అంచనా కట్టుట. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజికి చెందిన లలిత్ దండోనాయును అతని సహచరులును 2004–05లో వేరొక దారి తొక్కిరి. గుంటూరు జిల్లాలో పల్లెలు, పట్టణములు కలిపి 66 చోట్లు ఎంపిక చేసి, 15 నుండి 49 ఏండ్ల వయసుగల 12,617 మందిని పరీక్షించిరి. 2006లో వెలువడిన వారి ఫలితము ప్రకారము నూటికి 1.72 మందికి వ్యాధి కలదు. అనగా జిల్లాలో సుమారు 46 వేలమంది. ఆసుపత్రులనుబట్టి కట్టు అధికారిక అంచనాలో అదే జిల్లాకు వచ్చునది లక్షా 12 వేలకు పైమాట.

రెండున్నర రెట్ల ఈ తేడా ఎచ్చటి నుండి వచ్చినది? పరిశోధకులు చూపిన కారణములలో ఒకటి పేదలు ప్రభుత్వాసుపత్రులనే ఎక్కువగ ఆశ్రయించుట. జీవనప్రమాణమున దిగువనున్న సగము జనములో వ్యాధి, ఎగువనున్న సగములోకంటె రెట్టింపునకు మించి ఉన్నదని ఆ సర్వేయే చెప్పినది. సుఖవ్యాధుల చికిత్సాలయముల లెక్కను అనవసరముగ కలుపుట మరొకటి. మూడవ కారణము నన్ను మిక్కిలి కలతపెట్టునట్టిది: హెచ్‌ఐవి ఉన్నదని తెలిసినను, ఉండవచ్చునని తోచినను, ప్రైవేటు వైద్యులు ఆ మనిషిని ప్రభుత్వాసుపత్రికి సాగనంపు వాడుక.

ఆ వాడుక ఎట్లుండునో ఈ ప్రాంతమువారికి తెలియనిది కాదు. నెలలు నిండిన కోడలిని ఆటోలో ఎక్కించుకొని అత్తగారు పట్నమునకు పోవును. లోపల రక్తము తీసికొందురు. గడియ తరువాత ఎవరో బయటికి వచ్చి, కారణము చెప్పక, "ఇక్కడ కుదరదమ్మా, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అందురు. ఏమని అడిగినచో కాగితము చేత పెట్టి పొమ్మందురు. ఆ కాగితము ఆటో డ్రైవరు చదువును, అతని ద్వారా వీధి తెలిసికొనును. కోడలికి తన వ్యాధి సంగతి అందరికంటె చివర తెలియును. ఇట్లు తరుమబడిన స్త్రీలు పెద్దాసుపత్రి గర్భిణుల వరుసలో నిలిచిరి. వరుసలోని రక్తమును లెక్కించినవారికి జిల్లా అంతయు వ్యాధిమయముగ తోచినది. హక్కుల భంగము రోగికి మాత్రమే నష్టమని తలచువారు ఈ ఒక్క సంగతిని శ్రద్ధగ ఆలోచింపవలెనని నా మనవి. ఆసుపత్రి గుమ్మమున ఒక స్త్రీకి జరిగిన అన్యాయము, ప్రభుత్వము చేయు గణనమునే తప్పుదారి పట్టించినది. 2007లో దేశమంతటి లెక్కను కొత్త సర్వేల ఆధారమున సరిచూచినపుడు, 52 లక్షలనుకొన్న రోగుల సంఖ్య 25 లక్షలకు దిగినది. గుంటూరు చెప్పిన పాఠమునే దేశము మరుసటి యేడు నేర్చుకొన్నది.

లెక్క తగ్గినంత మాత్రమున బాధ తగ్గలేదు; నూటికి 1.72 అనునది ఏ విధముగ చూచినను భయంకరమైన సంఖ్య. ఆ సర్వేలో స్త్రీలకును పురుషులకును నడుమ భేదము దాదాపు లేదు. భర్తను తప్ప మరొకరిని ఎరుగని ఇల్లాండ్రు ఇంతమంది ఈ వ్యాధి పాలైరనుట అందుండి తేలు విషయము. దీనిని చూచి కలిగిన ఆవేదనతోనే 2006 ప్రాంతమున రాష్ట్రప్రభుత్వము పెండ్లికి ముందు హెచ్‌ఐవి పరీక్షను నిర్బంధము చేయవలెనని తలపోసినది. ఆడపిల్లను కన్నవారిలో చాలమందికి ఆ ఆలోచన నచ్చినది. వారి భయమును చులకన చేయు హక్కు నాకు గాని మరెవరికి గాని లేదు. అయినను దానిని ఎదిరించిన రోగుల సంఘములు, మహిళా సంఘములు చెప్పిన మాటలు నిలువదగినవి. కొత్తగ వ్యాధి సోకినవాని రక్తము కొన్ని వారములవరకు పరీక్షకు దొరకదు; నేడు దోషము లేదని పత్రము తెచ్చినవానికి పెండ్లి తరువాత సోకవచ్చును; పత్రము కొనుక్కొనుట మన ఊళ్లలో కష్టమైన పని కాదు. పరీక్షలో పట్టుబడిన ఆడపిల్లకు పెండ్లి తప్పుటతో ఆగదు, ఊరిలో నిలువ నీడ కూడ పోవును. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రము 1988లో ఇట్టి చట్టమును చేసి చూచినది. మొదటి ఆరు నెలలలో 70 వేలమందికి పైగా పరీక్షింపగా వ్యాధి బయటపడినది ఎనిమిదిమందిలో. పెండ్లి కావలసినవారు పొరుగు రాష్ట్రములకు పోయి చేసికొనిరి. మరుసటి యేడు ఆ చట్టము రద్దయినది. మన రాష్ట్రమున ఆ తలపు చట్టము కాలేదు. పరీక్షను జంటలు తమంతట తాము చేయించుకొనునట్లు నచ్చజెప్పుట వేరు, తహసీల్దారు ముద్రవలె దానిని అడుగుట వేరు.

ప్రచారపు తీరులోను ఇట్టి పెనుగులాట జరిగినది. పుర్రె బొమ్మలతో, మరణము తప్పదను మాటలతో మొదలైన గోడప్రకటనల తరువాత, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో, పులిరాజా అను కల్పిత పురుషునికి ఎయిడ్స్ వచ్చునా అను ప్రశ్న రాష్ట్రమంతట పెద్ద బోర్డులమీద వెలసినది. అది జనుల నోళ్లలో నానినది. నోరు విప్పి పలుకరాని పేరును పలికించినది. అందులోని మేలును నేను కాదనను. కాని రోగమున్నవాడు ఎట్లు బ్రదుకవలెను, అతనికి ఎచ్చట మందు దొరకును, పనిలో నుండి తీసివేసినచో ఎవరితో చెప్పుకొనవలెను అను ప్రశ్నలకు ఆ బోర్డుమీద చోటు లేదు. ఆ ప్రశ్నలను లేవనెత్తినవారు వ్యాధిగ్రస్తుల సంఘములవారే. 1997లో చెన్నపట్టణము కేంద్రముగ ఏర్పడిన ఐఎన్‌పీ ప్లస్, తరువాత మన భాషా ప్రాంతమున తెలుగు నెట్‌వర్క్, జిల్లా సంఘములు ఆసుపత్రి వరండాలలో రోగుల ప్రక్కన కూర్చుండి ఆ పని చేసినవి.

మందుల చరిత్రలో ఈ వాదము గెలిచిన తీరు విస్తరముగ చెప్పదగినది, ఏలయన అందులో మన గుంటూరు పేరు మరల వచ్చును. గుంటూరులో పుట్టి అచ్చటి ఏసీ కళాశాలలో చదివిన ఎ.వి.రామారావు, హైదరాబాదులోని ఐఐసీటీ అను రసాయన పరిశోధన సంస్థకు డైరెక్టరుగ ఉండగా, ఎయిడ్స్‌కు తొలి మందైన ఏజెడ్‌టీని దేశములోనే తయారు చేయు ప్రక్రియను రూపొందించిరి. సిప్లా కంపెనీ దానిని మందుగ తెచ్చినది. ఔషధ పదార్థమునకు పేటెంటు ఇయ్యక, తయారు చేయు విధానమునకే ఇచ్చు 1970 నాటి భారత చట్టము అండనుండుటచేత అది సాధ్యమైనది. శతాబ్దాంతమున మూడు మందుల చికిత్సకు ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు మించి ఖర్చగుచుండగా, 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసఫ్ హమీద్ దానిని ఏడాదికి 350 డాలర్లకే ఇత్తునని ప్రకటించి లోకమును నివ్వెరపరచెను. ఆ యేటి ఏప్రిల్‌లోనే, చౌక మందులకు దారి తెరచు చట్టము విషయమై దక్షిణాఫ్రికా ప్రభుత్వముమీద 39 ఔషధ కంపెనీలు వేసిన దావాను ఉపసంహరించుకొనవలసి వచ్చెను. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అను రోగుల ఉద్యమము ఆ దేశపు వీధులను నింపివేసినది. తల్లి నుండి బిడ్డకు వ్యాధి సోకకుండు మందును ప్రభుత్వము అందరికి ఇచ్చి తీరవలెనని 2002లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానముచేత చెప్పించినదియు ఆ ఉద్యమమే.

మన దేశమున 2004 ఏప్రిల్ 1న ఏఆర్‌టీ అను హెచ్‌ఐవి మందుల చికిత్స ఉచితముగ ఆరంభమైనది. మరుసటి యేడు పేటెంటు చట్టము మారి, ఔషధ పదార్థములకు పేటెంటు మరల వచ్చెను. అప్పుడు వ్యాధిగ్రస్తుల సంఘములు చేసిన పని న్యాయశాస్త్ర చరిత్రలో విశేషమైనది: పేటెంటు ఇయ్యకముందే అభ్యంతరము తెలుపుటకు చట్టము ఇచ్చిన సందును పట్టుకొని, రోగులే అర్జీదారులై నిలిచిరి. 2006లో కాంబివిర్ అను మందుకు అర్జీ వేసిన కంపెనీ దానిని ఉపసంహరించుకొన్నది. 2008లో పిల్లలకు ఇచ్చు నెవిరపిన్ ద్రవరూపమునకు, 2009లో టెనోఫోవిర్‌కు పేటెంట్లు నిరాకరింపబడెను. నేడు మన సర్కారు ఆసుపత్రిలో రోగికిచ్చు దినమునకొక మాత్రలో టెనోఫోవిర్ కలదు. 2003 నుండి 2008 వరకు పేదదేశములకు దాతలు కొన్న హెచ్‌ఐవి మందులలో నూటికి ఎనభై వంతులకు మించి భారత కంపెనీలవే; అందులో హైదరాబాదు కంపెనీలైన హెటెరో, అరబిందో, మాట్రిక్స్‌ల పాలు పెద్దది.

ఈ మాత్ర క్రమముగ వేసికొన్నవాని రక్తములో వైరస్ కనబడనంతగ తగ్గుననియు, అట్టివాని నుండి లైంగిక సంపర్కముచేత వ్యాధి మరొకరికి సోకదనియు నేడు శాస్త్రము నిర్ధారించినది. ఆ నిర్ధారణకు మూలమైన 2011 నాటి అంతర్జాతీయ పరిశోధనలో సునీతి సోలొమన్ స్థాపించిన చెన్నపట్టణపు సంస్థయు పాల్గొన్నది. కావున ఒక రోగి నిర్భయముగ మందు తెచ్చుకొనగలుగుట అతని భార్యకును, పుట్టబోవు బిడ్డకును రక్షణము. నిర్భయముగ అనుమాట ఎంత బరువైనదో పల్లెలో చూచినవారికి తెలియును. దగ్గరి ఊరిలో మందు దొరకునని తెలిసియు, ఎవరైన గుర్తుపట్టుదురేమో యని దూరపు ఆసుపత్రికి బస్సెక్కువారు కలరు. మందు డబ్బామీది కాగితము చించివేయుదురు. మాత్రలు గలగలలాడకుండ దూది కుక్కి బియ్యపు డ్రమ్ములో దాతురు. చుట్టములు వచ్చి నాలుగు దినములున్నచో ఆ నాలుగు దినములు మాత్ర తప్పును. శాస్త్రము ఇచ్చిన వరమును లోకభీతి ఆ ఇంటిలో కాజేయుచున్నది.

న్యాయస్థానముల దారి తిన్నగ సాగలేదు. ఒక ప్రభుత్వరంగ సంస్థ హెచ్‌ఐవి కారణముగ పని నిరాకరించిన కూలి విషయమున, పని చేయగల సత్తువ ఉన్నంతవరకు అతనిని తొలగింపరాదని 1997లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పి, అతని పేరు బయటపెట్టక వ్యాజ్యము నడుపుటకు అనుమతించెను. మరుసటి యేడు సుప్రీంకోర్టు ఒక వైద్యుని కేసులో వ్యాధిగ్రస్తునికి వివాహపు హక్కే లేదను అర్థము వచ్చునట్లు పలికి, 2002లో ఆ మాటలను వెనుకకు తీసికొన్నది. ఈ తడబాటు చూచిన పిదపనే సమగ్రమైన చట్టము కావలెనను కోరిక బలపడినది. లాయర్స్ కలెక్టివ్ సంస్థ దేశమంతట రోగులతోను సంఘములతోను మాటలాడి సిద్ధపరచిన ముసాయిదా 2006లో ప్రభుత్వము చేతికి పోయి, 2014లో రాజ్యసభకు వచ్చి, 2017 ఏప్రిల్‌లో చట్టమై, 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చినది. చదువులో, ఉద్యోగములో, వైద్యములో, అద్దె ఇంటి విషయములో వివక్ష చూపరాదని, సమ్మతి లేక పరీక్షింపరాదని, వ్యాధి సంగతి వెల్లడింపరాదని అది శాసించుచున్నది. భార్యాభర్తల నడుమ న్యాయమునకు కూడ అందు దారి కలదు: రోగికి నచ్చజెప్పిన తరువాతను అతడు జీవితభాగస్వామికి చెప్పనిచో వైద్యుడు చెప్పవచ్చును, కాని చెప్పినచో రోగియైన స్త్రీకి దెబ్బలో, ఇల్లు విడువవలసిన గతియో పట్టునని తోచినచో చెప్పరాదు. నిర్బంధ పరీక్షను కోరినవారి భయమునకు ఇంతకంటె వివేకవంతమైన సమాధానము నేను చూడలేదు.

ఆ చట్టమున లోపమును కలదు. ప్రభుత్వము చికిత్సను సాధ్యమైనంతవరకు అందింపవలెనను నిబంధనలోని ఆ మినహాయింపును తొలగింపుడని రోగుల సంఘములు ఎంత మొరపెట్టినను పార్లమెంటు వినలేదు. 2022 జులైలో మందుల కొరత ఏర్పడి, ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయము ముందు రోగులు నెలకు మించి బైఠాయించినపుడు, ఆ మొర ఎంత సమంజసమో తేటపడినది.

చట్టమునకు అందక దూరమున నిలిచినవారు వేరుగ కలరు. పడుపువృత్తి స్త్రీలను పోలీసులు పట్టుకొనునపుడు సంచిలోని కండోములనే నేరమునకు సాక్ష్యముగ చూపు కాలమున, వాటిని దగ్గర ఉంచుకొనుమని ఆరోగ్యశాఖ చెప్పుట నిష్ఫలము. కలకత్తా సోనాగాచిలో 1992 నుండి స్మరజిత్ జానా నడిపిన ప్రయత్నము, తరువాత మన రాజమహేంద్రవరమున కేర్ సంస్థ సక్షం అను పేర ఆ స్త్రీలనే సంఘటితపరచిన ప్రయత్నము, వారి మాట సాగినచోట వ్యాధి తగ్గునని చూపినవి. 2018 సెప్టెంబరులో స్వలింగ సంబంధములను నేరముగ చూచిన 377వ సెక్షను కోరలు పెరుకుట, 2022 మే నెలలో పడుపువృత్తిలోని స్త్రీలకును గౌరవముగ బ్రదుకు హక్కు కలదని సుప్రీంకోర్టు పోలీసులకు ఆదేశములిచ్చుట ఈ మార్గమున వచ్చిన జయములు. 2021 జూన్‌లో ఐక్యరాజ్యసమితి, ఇట్టివారిని శిక్షించు చట్టములు గల దేశములు 2025 నాటికి పదింట ఒకవంతునకు మించి ఉండరాదని లక్ష్యము పెట్టుకొన్నది, అది నెరవేరలేదు. పైగా 2025 ఆరంభమున అమెరికా విదేశ సహాయమును నిలిపివేయగా, హైదరాబాదు నారాయణగూడలో 2021 నుండి ట్రాన్స్‌జెండరులకు వైద్యము చేయుచుండిన మిత్ర్ క్లినిక్ తలుపులు మూతపడినవి. ధనము తరిగినపుడు మొదట ఆగునది మాత్రల కొనుగోలు కాదు. రోగి ఇంటికి పోయి మాటలాడు మనిషి జీతము ఆగును, న్యాయవాది ఫీజు ఆగును.

ఆంధ్రప్రదేశమున నేడు సుమారు 3 లక్షల 20 వేలమంది ఈ వ్యాధితో జీవించుచున్నారు. మహారాష్ట్ర తరువాత ఇంతమంది మరే రాష్ట్రమునను లేరు. మందు వాడువారికి రాష్ట్రప్రభుత్వము నెలకు 4,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నది. అది నిజముగ గొప్ప ఊరట. ఆ పింఛను ఏ పద్దు క్రింద వచ్చుచున్నదో ఇరుగుపొరుగువారికి తెలియనీయకుండ ఇచ్చుట కూడ దానమంత ముఖ్యము; ఆ భయమున దరఖాస్తే పెట్టనివారికి పింఛను లేనట్లే. వివక్షకు గురియైనవారి ఫిర్యాదు విని 30 దినములలో, ప్రాణాపాయమైనచో 24 గంటలలో, ఆజ్ఞ ఇచ్చుటకు ప్రతి రాష్ట్రమునను అంబుడ్స్‌మన్ ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. ఇరువదిమంది సిబ్బంది గాని అంతకు మించి గాని ఉన్న ప్రతి వైద్యశాలలోను ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండవలెననియు చెప్పుచున్నది. "గుంటూరు తీసుకుపోండి" అను మాట విన్న రాజుపాలెపు స్త్రీకి ఆ అధికారి పేరు ఎవరు చెప్పవలెను? పిడుగురాళ్లలోను, సత్తెనపల్లిలోను, నరసరావుపేటలోను ఆ పరిమాణపు ప్రైవేటు ఆసుపత్రులు కలవు. వాటి ముంగిట, ఫీజుల పట్టిక ప్రక్కనే, ఫిర్యాదుల అధికారి పేరును అంబుడ్స్‌మన్ చిరునామాను పెద్ద తెలుగక్షరములతో వ్రాయించుటకు కొత్త చట్టము అక్కరలేదు. జిల్లా యంత్రాంగము పూనుకొని ఒక ఉత్తరువు పంపి, నెల తరువాత ఒకరిని పంపి చూపించుకొన్నచో చాలును.